ఆటగాండ్ర తరతమపట్టిక

గడచిన ఆగస్టు నెలలో, అమెరికా దేశమున నుద్యోగము చేయుచున్న నా కుమారుడు ఒక పట్టికను నా సెల్‌ఫోనునకు పంపి, "నాన్నగారూ! ముప్పది యేండ్లు బడిలో మార్కుల పట్టికలు వ్రాసినవారు గదా, దీని నొకమాఱు చూడుడు" అనెను. చూడగా అవి పిల్లల పేరులు కావు. ఫుట్‌బాలు ఆటగాండ్ర పేరులు. అట్టి పట్టిక యెందులకో, దానిని కూర్చు విధమెట్టిదో, అందు నాకు దోచిన లోపమేమో నేడు మీకు విన్నవింతును. మీ పిల్లలును అచట నుండిరేని, ఈ ముచ్చట మీరును వినియే యుందురు.

అమెరికావారి ఫుట్‌బాలు మన పిల్లలు కాలితో దన్ను బంతియాట కాదు. రెండు కొనలు సన్నగిల్లిన బంతిని చేతబట్టి పరుగెత్తుదురు, విసరుదురు, ఎదిరిపక్షము హద్దులోనికి జేర్తురు. అట్లు జేర్చుటకే టచ్‌డౌను అని పేరు. బంతిని విసరువాడు క్వార్టర్‌బ్యాకు. పట్టుకొని పరుగెత్తువాడు రన్నింగ్ బ్యాకు. విసరినదాని నందుకొనువాడు రిసీవరు. ఆ దేశపు పెద్ద లీగులో 32 జట్లు గలవు. 2021 నుండి ఒక్కొక్క జట్టు ఏటికి 17 ఆటలాడుచున్నది.

ఫాంటసీ ఫుట్‌బాలనగా, పదిమందియో పండ్రెండుగురో మిత్రులు గూడి, ఆ నిజమైన ఆటగాండ్రను వంతులచొప్పున గోరుకొని కాగితముపై జట్లు కట్టుట. ఒకడు గోరినవానిని వేఱొకడు గోరరాదు. ఈ కోరుకొను సభకు డ్రాఫ్టని పేరు. ఆ పిమ్మట ప్రతి వారము మైదానమున ఆటగాడు సాధించినదానిని బట్టి, వానిని గోరినవానికి మార్కులు వచ్చును. పరుగెత్తిన 10 గజములకు 1, పరుగుతో సాధించిన టచ్‌డౌనునకు 6, విసరిన 25 గజములకు 1, విసరుటచే వచ్చిన టచ్‌డౌనునకు 4 అని సాధారణపు లెక్క.

ఈ వినోదమును 1962లో ఓక్లండ్ రైడర్సు జట్టు భాగస్థులలో నొకడైన బిల్ వింకెన్‌బాక్ మిత్రులతో గూడి యూహించెను. మఱుసటి యేట తొలి డ్రాఫ్టు జరిగెను. అందు మొట్టమొదట గోరబడినవాడు జార్జి బ్లాండా. 1961లో అతడు 36 టచ్‌డౌనులు విసరి కీర్తిగాంచెను. కాని 1962లో అతడు విసరిన బంతులు 42 ఎదిరిపక్షము చేతబడెను. 1963లో జిమ్ బ్రౌను 1863 గజములు పరుగెత్తెను. కావున పట్టిక కూర్చువాడు గతకీర్తిని గాక, రాబోవు ఏటి యంచనాను వ్రాయవలయును.

మొదట చూడవలసినది తన లీగు నిబంధన. అందుకొన్న ప్రతి బంతికి కొందఱు 1 మార్కిత్తురు, కొందఱు అర మార్కిత్తురు, కొందఱేమియు నీయరు. ఈ యొక్క భేదముచేతనే రిసీవరుల స్థానములు మాఱిపోవును.

నా కుమారుడు ఇంతవఱకు బాగుగనే చేసెను. కాని పిమ్మట మొత్తము మార్కులు ఎక్కువగా రాగలవారిని పైన, తక్కువవారిని క్రింద వ్రాసెను. లోపమిచ్చటనే యున్నది. బోధపడుటకై కల్పించిన సంఖ్యలతో జెప్పెదను. పండ్రెండు జట్లు గలవు. జట్టునకు క్వార్టర్‌బ్యాకు ఒకడు, రన్నింగ్ బ్యాకులు ఇద్దఱు కావలయును. మేటి క్వార్టర్‌బ్యాకునకు 360 మార్కులు, 12వ వానికి 300 వచ్చుననుకొందము, భేదము 60. మేటి రన్నింగ్ బ్యాకునకు 300, 24వ వానికి 160, భేదము 140. మొత్తము జూచిన క్వార్టర్‌బ్యాకే అధికుడు. కాని అతనిని విడిచినను, కడపట దొరకువాడు కొంచెమే తక్కువ. రన్నింగ్ బ్యాకును విడిచినచో ఆ లోటు పూడదు. కావున పట్టికలో రన్నింగ్ బ్యాకే ముందుండవలయును.

ఇట్లు భేదములు గట్టిన పిదప, ఒక్కొక్క స్థానమువారిని వేఱువేఱుగ వ్రాసి, అంచనా ఒక్కుమ్మడి దిగిపోయినచోట అడ్డగీత గీయవలెను. ఒక గీతకు పైనున్న నలుగురు ఇంచుమించు సమానులు. నలుగురును మిగిలియుండగా తొందర వలదు. ఒక్కడే మిగిలినచో ఆలసింపరాదు. వంతులు మొదటి చుట్టున 1 నుండి 12 వఱకును, రెండవ చుట్టున 12 నుండి 1 వఱకును తిరుగును. మొదట గోరినవానికి మరల వంతు 24వ, 25వ కోరికలయందే వచ్చును. నడుమ 22 పేరులు పోవును. పోయిన పేరును వెంటనే కొట్టివేయవలెను. గాయపడినవారి వార్తలను డ్రాఫ్టునాటి యుదయము వఱకు విచారించి దిద్దుకొనవలెను.

ఈ లోపమును నేనింత త్వరగ గుర్తించుటకు కారణము పాండిత్యము కాదు. నేనును అదియే చేసితిని. ఇరువదియైదేండ్ల క్రిందట పొరుగు పట్టణమున జరిగిన విద్యార్థుల పోటీకి, మొత్తము మార్కులలో మొదటి మువ్వురను బంపితిని. మువ్వురును పద్యములు చక్కగ జదువువారే. ఛందస్సు ప్రశ్నకు బదులు చెప్పువాడొక్కడును లేకపోయెను. గణవిభజనలో దిట్టయైన బాలుడు లెక్కలలో వెనుకబడి, మొత్తమున 11వ వాడగుటచే బడిలోనే నిలిచిపోయెను. ఓడితిమని విన్ననాడు ఆ బాలుడు నన్నేమియు ననలేదు; ఆ ప్రశ్న యేమని మాత్రమడిగి, నిలుచున్నచోటనే బదులు చెప్పెను.

నా కుమారుడు పట్టికను దిద్ది వ్రాసెను. అతడు మొదట గోరిన ఆటగాడు మోకాలు నొచ్చి కొన్ని వారములు కూర్చుండెను. అందుచే నాలుగవ స్థానమే దక్కినది. పట్టిక యంచనాయే గాని జాతకము కాదు. అయినను రాబోవు ఆగస్టులో అతడు మఱియొక పట్టిక వ్రాసికొనగలడు. ఆ బాలుని పదవ తరగతి మాత్రము నాకు మరల రాలేదు.