పరుగుల రాణి షెల్లీ ఆన్

ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు లెక్కపెట్టండి. తొందర వద్దు. గోడ గడియారం టిక్కు టిక్కుమన్నట్టు లెక్కపెట్టండి.

అయిందా? మీరు పదకొండు అనేలోపు వంద మీటర్లు పరుగెత్తిన ఆడమనిషి ఒకామె ఉంది. మనం మామూలుగా నడిస్తే ఆ దూరానికి ఒక నిమిషం పైనే పడుతుంది. ఆమె పేరు షెల్లీ ఆన్ ఫ్రేజర్. పెళ్ళయ్యాక షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్ అయింది. ఆమెది జమైకా దేశం.

జమైకా ఒక దీవి. అంటే చుట్టూ సముద్రం, మధ్యలో నేల. అమెరికాకు దక్షిణాన, కరీబియన్ సముద్రంలో ఉంది. దేశం మొత్తం మీద జనం ముప్ఫై లక్షల లోపే. వెనకటికి చెరకు తోటల్లో చాకిరీ చేయించడానికి తెల్లవాళ్ళు ఆఫ్రికా నుంచి మనుషులను బానిసలుగా పట్టి తెచ్చారు. ఇప్పటి జమైకా జనంలో ఎక్కువమంది వాళ్ళ బిడ్డల బిడ్డలే. 1962లో ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

ఒకటే గది, ఒకటే మంచం

జమైకా రాజధాని కింగ్‌స్టన్. ఆ పట్నంలో వాటర్‌హౌస్ అనే పేదల పేట ఉంది. షెల్లీ ఆన్ 1986 డిసెంబరు 27న పుట్టింది. ఆ పేటలోనే పెరిగింది. అక్కడ ముఠాల కొట్లాటలు ఎక్కువ. తుపాకులు పేలేవి. పొద్దుగూకితే బయటికి రావాలంటే భయం.

వాళ్ళకు ఉన్నది ఒకటే గది. తల్లి, షెల్లీ ఆన్, ఇద్దరు అన్నదమ్ములు. అందరికీ ఒకటే మంచం. సంసారం నడిపింది తల్లి. వీధుల్లో సరుకులు అమ్మి పిల్లలను సాకింది. జమైకాలో ఇట్లా సరుకులు అమ్ముకొని బతికే ఆడవాళ్ళను ‘హిగ్లర్లు’ అంటారు. బానిసత్వం ఉన్న కాలం నుంచీ అక్కడి ఆడవాళ్ళు ఇట్లా అమ్ముకొని ఇల్లు నడుపుతూనే ఉన్నారు.

ఆ తల్లి గురించి ఇంకో సంగతి చెప్పుకోవాలి. చిన్నప్పుడు ఆమె కూడా బాగా పరుగెత్తేది. కానీ చిన్న వయసులోనే కడుపు వచ్చింది. దాంతో పరుగు ఆగిపోయింది. పైకి వచ్చే అవకాశం చేజారిపోయింది. బిడ్డకు అట్లా కాకూడదని ఆమె గట్టిగా అనుకుంది. కూతురిని కనిపెట్టుకొని ఉంది. బడి మాన్పించలేదు. పరుగూ మాన్పించలేదు.

బడి ఇచ్చిన బలం

చిన్న బడిలో ఉన్నప్పుడే షెల్లీ ఆన్ పరుగు మొదలుపెట్టింది. కాళ్ళకు బూట్లు లేవు. వట్టి కాళ్ళతోనే పరుగెత్తేది.

తరువాత ఉల్మర్స్ అనే ఆడపిల్లల హైస్కూల్లో చేరింది. ఉల్మర్స్ బళ్ళకు పెద్ద చరిత్ర ఉంది. ఒక కంసాలి తన ఆస్తిని బడికి రాసిపోతే, ఆ సొమ్ముతో 1729లో అవి మొదలయ్యాయి. మంచి బడి సరే, మరి ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? పుస్తకాలు, యూనిఫారం ఎవరు కొనిస్తారు? అప్పుడు ఆ బడిలో చదువుకొని వెళ్ళిన పాత విద్యార్థినులు ముందుకొచ్చారు. సాయం చేశారు. ముందు చదివిన ఆడవాళ్ళు వెనక వచ్చిన ఆడపిల్ల చెయ్యి పట్టుకున్నారన్నమాట.

జమైకాలో బడిపిల్లల పరుగు పందేలంటే పెద్ద పండగ. ఏటా ఈస్టర్ పండగకు ముందు దేశంలోని హైస్కూళ్ళ పిల్లలంతా కింగ్‌స్టన్ స్టేడియంలో పోటీ పడతారు. ఈ పోటీలు 1910లో మగపిల్లలతో మొదలయ్యాయి. జనం వేలకు వేలు వస్తారు. స్టేడియం నిండిపోతుంది. అంత చిన్న దేశం నుంచి అంతమంది పరుగు వీరులు రావడానికి ఈ పోటీలు ఒక ముఖ్య కారణం. బాగా పరుగెత్తే బిడ్డ ఏ పేటలో ఉన్నా అక్కడ కంటబడుతుంది.

షెల్లీ ఆన్ కూడా ఈ పోటీల్లో పరుగెత్తింది. కానీ పరుగునే నమ్ముకొని బతకాలా, వద్దా అని హైస్కూల్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకు అనుమానమే.

వంగి పరుగెత్తే పిల్ల

2006లో ఆమె కింగ్‌స్టన్‌లోని టెక్నాలజీ యూనివర్సిటీలో చేరింది. అక్కడ స్టీఫెన్ ఫ్రాన్సిస్ అనే శిక్షకుడు ఉన్నాడు. ఆయన ఆమె పరుగును గమనించాడు. ఒక లోపం కనిపెట్టాడు. ఈ పిల్ల బాగా ముందుకు వంగి పరుగెత్తుతున్నది. అట్లా వంగితే మోకాళ్ళు పైకి లేవవు. అడుగులు వేగంగా పడవు. తుంటి దగ్గర కండరాలకు దెబ్బ కూడా తగులుతుంది.

ఆ వంపు సరిచేయడానికి పని మొదలైంది. ఫలితం చూడండి. 2007లో ఆమె వంద మీటర్లు పరుగెత్తడానికి 11.31 సెకన్లు పట్టింది. ఒక్క ఏడాది తిరిగేసరికి అది 11 సెకన్ల లోపుకు వచ్చింది. అర సెకను తగ్గితే గొప్పేమిటి అనుకోవచ్చు. ఈ పందెంలో గెలుపు ఓటములు రెప్పపాటులో తేలిపోతాయి. అర సెకనంటే చాలా దూరం.

షెల్లీ ఆన్ పొట్టిది. ఎత్తు అయిదు అడుగులే. అయితే పందెం మొదలు కాగానే బాణంలాగా దూసుకుపోతుంది. అందుకే ఆమెకు ‘పాకెట్ రాకెట్’ అని పేరు పెట్టారు. జేబులో పట్టే రాకెట్ అని అర్థం.

ఎవరూ ఎదురుచూడని గెలుపు

2008లో చైనా దేశంలోని బీజింగ్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఒలింపిక్స్ అంటే నాలుగేళ్ళకు ఒకసారి దేశాలన్నీ కలిసి ఆడే పెద్ద ఆటల పోటీ. వంద మీటర్ల పరుగుకు ఒక దేశం నుంచి ముగ్గురికే చోటు. ఆ ముగ్గురినీ ఎంచడానికి జమైకాలో పందెం పెట్టారు. షెల్లీ ఆన్ రెండో స్థానంలో వచ్చింది. అంతకుముందు ఏడాది ప్రపంచ విజేత అయిన వెరోనికా కాంప్‌బెల్ నాలుగో స్థానంలో ఆగిపోయింది.

దేశంలో గోల మొదలైంది. ‘ఈ పిల్లకు అనుభవం లేదు. ఈమెను ఆపి, వెరోనికాను పంపండి’ అని చాలామంది అన్నారు. కానీ పందెంలో వచ్చిన ఫలితాన్నే ఖాయం చేశారు. షెల్లీ ఆన్ బీజింగ్ వెళ్ళింది. అప్పటికి ఆమె వయసు 21 ఏళ్ళు.

అక్కడ ఏం జరిగింది? 10.78 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచింది. వెనక ఇద్దరు ఒకేసారి గీత దాటారు. వాళ్ళూ జమైకా అమ్మాయిలే. ఇద్దరికీ వెండి పతకాలు ఇచ్చారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వంద మీటర్ల పరుగు గెలిచిన మొదటి జమైకా స్త్రీ షెల్లీ ఆన్. వద్దన్న పిల్లే దేశానికి పేరు తెచ్చింది.

2009లో ప్రపంచ పోటీల్లో గెలిచింది. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో మళ్ళీ బంగారు పతకం తెచ్చింది. అదే ఏడాది యూనివర్సిటీ డిగ్రీ కూడా చేతికి వచ్చింది. ఆమె చదివింది పిల్లల ఎదుగుదల గురించి. 2013లో పేద క్రీడాకారుల చదువు కోసం ఒక సంస్థ పెట్టింది. తనకు అందిన సాయం ఇంకొకరికి అందాలని ఆమె కోరిక.

తల్లి అయ్యాక

2017లో ఆమె గర్భవతి అయింది. వయసు ముప్ఫై. పరుగెత్తేవాళ్ళకు అది పెద్ద వయసే. ఆ సంగతి తెలిసిన రోజు మంచం మీద కూర్చొని ఏడ్చానని తరువాత ఆమే చెప్పింది. బిడ్డ ఇష్టం లేక కాదు. ఇక నా పరుగు ఏమవుతుందో అని.

ఆగస్టులో మగబిడ్డ పుట్టాడు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. పొట్ట కోసిన శరీరం మళ్ళీ గట్టిపడడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఇక ఆమె పని అయిపోయిందన్నవాళ్ళు ఉన్నారు. షెల్లీ ఆన్ ఊరుకోలేదు. 2018లో మళ్ళీ పందేల్లో దిగింది.

2019లో దోహాలో ప్రపంచ పోటీలు. అప్పుడామెకు 32 ఏళ్ళు. 10.71 సెకన్లలో గెలిచింది. గెలిచాక రెండేళ్ళ కొడుకును చంకనెత్తుకొని స్టేడియంలో నడిచింది. తల్లికి ఏ కారణంతో పరుగు ఆగిపోయిందో, ఆ కారణం బిడ్డను ఆపలేకపోయింది. అలాగని తల్లి తక్కువదని కాదు. తల్లికి ఆనాడు ఆసరా లేదు. బిడ్డకు చదువు ఉంది, భర్త తోడు ఉంది, శిక్షకుడు ఉన్నాడు. తేడా అక్కడ ఉంది.

బిడ్డ పుట్టాక ఆమె వేగం ఇంకా పెరిగింది. 2021లో 10.60 సెకన్లలో పరుగెత్తింది. ఆమె జీవితంలో అదే అన్నిటికంటే వేగమైన పరుగు. 2022లో, 35 ఏళ్ళ వయసులో, వంద మీటర్లలో అయిదోసారి ప్రపంచ విజేత అయింది. 2025లో టోక్యోలో ఆఖరి పందెం పరుగెత్తి, వెండి పతకంతో పోటీల నుంచి తప్పుకుంది.

నవ్వు తెప్పించే సంగతి ఒకటి. 2023లో కొడుకు బడిలో ఆటల రోజున తల్లులకు పరుగు పందెం పెట్టారు. షెల్లీ ఆన్ కూడా వరసలో నిలబడింది. మిగతా తల్లులు ఎంత వెనకబడి ఉంటారో మీరే ఊహించుకోండి!

మాట్లాడుకుందాం

1. షెల్లీ ఆన్ పైకి రావడానికి ఎవరెవరు సాయపడ్డారు? పేర్లు, వివరాలు రాయండి.
2. ఆమె తల్లి పరుగు ఎందుకు ఆగిపోయింది? ఆనాడు ఆమెకు ఏం సాయం దొరికి ఉంటే బాగుండేది?
3. మీ వాడలో బడి మానేసిన ఆడపిల్లలు ఉన్నారా? ఎందుకు మానేశారు? మళ్ళీ బడికి పంపడానికి మనం ఏం చేయగలం?
4. పెళ్ళయ్యాకో, పిల్లలు పుట్టాకో మీరు వదిలేసిన పని ఏదైనా ఉందా? పాటా? కుట్టుపనా? చదువా? నాలుగు మాటల్లో రాయండి.