బీపీ సర్దుకున్నా కాలేయానికి గండం తప్పలేదు: వడదెబ్బ రోగిని తొందరపడి ఇంటికి తేవద్దు

కర్నూలు, కడప జిల్లాల్లో ఏప్రిల్, మే నెలలొస్తే ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. వడదెబ్బ తగిలిన మనిషికి సెలైన్ ఎక్కించి, బీపీ సర్దుకోగానే "ఇక ఫరవాలేదు, ఇంటికి తీసుకెళ్దాం" అంటారు చాలామంది. కానీ మరుసటి రోజు రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ వేలల్లో రావచ్చు. బీపీ బాగైంది కదా, మరి ఇదేమిటి?

ఉర్దూలో జిగర్, తెలుగులో కాలేయం అనే ఈ అవయవానికి గుండె పంపే రక్తంలో సుమారు నాలుగో వంతు చేరుతుంది. వడదెబ్బలో ఒంటి వేడి దాన్ని నేరుగానే దెబ్బతీస్తుంది. దానికి తోడు బీపీ పడిపోతే రక్తం తగ్గి, ఆక్సిజన్ అందక కణాలు నీరసిస్తాయి.

రక్తం తిరిగి పారగానే రెండో దెబ్బ మొదలవుతుంది. ఒక్కసారిగా వచ్చిన ఆక్సిజన్‌తో కణాల్లో హానికర పదార్థాలు పుడతాయి. చనిపోతున్న కణాల నుంచి హెచ్‌ఎంజీబీ1 అనే ప్రోటీన్ బయటికొస్తుంది. అది ఆపద కబురు. కాలేయంలో కాపలా ఉండే కుఫర్ కణాలు ఆ కబురందుకుని టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 ప్రోటీన్లను వదులుతాయి. వాటి పిలుపుకు తెల్లరక్తకణాలు గుంపుగా వచ్చి బతికున్న కణాలనూ గాయపరుస్తాయి.

అన్ని సంకేతాలూ చెడ్డవి కావు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్ మిగిలిన కణాలు నిలబడటానికి, కొత్తవి పుట్టడానికి తోడ్పడుతుంది.

సర్జన్లకూ ఈ సమస్య ఉంది. కాలేయానికి వెళ్లే రక్తాన్ని కాసేపు ఆపి రక్తస్రావాన్ని అదుపు చేసే పద్ధతిని 1908లో గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ వివరించారు. ఇప్పుడు తరచూ 15 నిమిషాలు ఆపి, 5 నిమిషాలు వదులుతూ ఆపరేషన్ చేస్తారు. మార్పిడి కోసం తీసిన కాలేయాన్ని చల్లగా ఉంచి, గంటలు లెక్కపెట్టుకుంటూ తరలించేదీ ఇందుకే.

మరి ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

- మనిషిని నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.
- వడదెబ్బ వేడి మామూలు జ్వరం కాదు. పారాసిటమాల్‌తో అది దిగదు, పైగా కాలేయానికి భారం.
- ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ సాధారణంగా 1 నుంచి 3 రోజుల్లో బాగా పెరిగి, తర్వాత దిగుతాయి. డాక్టర్ ఉండమన్నన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉంచండి.
- ఇంటికొచ్చాక కళ్లు పచ్చబడినా, మత్తుగా ఉన్నా, మూత్రం తగ్గినా వెంటనే మళ్లీ చూపించండి. కామెర్లని పసరు మందు పోయించొద్దు.

కాలేయానికి తిరిగి పెరిగే శక్తి ఉంది. ఆ నాలుగు రోజులు దాన్ని కాపాడుకుంటే చాలామంది కోలుకుంటారు.