ఉప్పూ, పంచదారా

ఉప్పూ, పంచదారా రెండూ తెల్లనివే. కాని గరిటెలో వేడిచేస్తే పంచదార త్వరలోనే కరిగి, ఎర్రబడి, మాడిపోతుంది. ఉప్పు 801 డిగ్రీల సెంటీగ్రేడు వస్తేగాని కరగదు. ఎందుచేత?

ఉప్పులో సోడియం పరమాణువు తన ఎలక్ట్రాను నొకదానిని క్లోరిన్ పరమాణువుకు ఇచ్చివేస్తుంది. ఇచ్చినది ధనావేశమూ, పుచ్చుకున్నది ఋణావేశమూ పొంది అయానులవుతాయి. ఒకదానినొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఇదే అయానిక బంధం.

పంచదార అణువులోని 45 పరమాణువులూ ఎలక్ట్రానులను ఉమ్మడిగా వాడుకుంటాయి. ఇది సమయోజనీయ బంధం. అయితే అణువుకూ అణువుకూ నడుమ పట్టు తక్కువ.

నీటిలో ఉప్పు అయానులు విడివడి విద్యుత్తును మోస్తాయి. పంచదారలో అయానులు లేవు, మోయలేదు. మన చెమటలో ఉప్పున్నది! అందుకే చెమట చేతులతో స్విచ్చి ముట్టకండి.