చీనాదేశపు చేదుకొమ్ము

మందు చేదుగానున్న యెడల అది తప్పక మేలుచేయునని మనలో పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో తెలిసికొనుటకు చీనాదేశపు హువాంగ్‌లియన్ అను మూలికను గూర్చి మేమిచట కొంత వివరింతుము.

దీనిని వేరని చెప్పుట వాడుక. నిజమునకిది మన పసుపుకొమ్మువలె నేలలోపల పెరుగు కాండము. పసుపువన్నె గలిగి, కణుపులు వరుసగా కూడియుండుటచేత దీనికా పేరు వచ్చినది. నాలుకపై నుంచినచో నేలవేమును తలపించు చేదు. తన బాధను పైకి చెప్పుకొనలేని వానిని గూర్చి, "మూగవాడు హువాంగ్‌లియన్ తినినట్లు" అని చీనావారు సామెతగా పలుకుదురు.

ఈ మొక్క చల్లని కొండలపై నీడపట్టున పెరుగును. చోంగ్‌చింగ్ ప్రాంతమందలి షిజులో రైతులు దీనిని నాటి, సుమారు 5 సంవత్సరములు ఓపికతో కనిపెట్టియుండి, పిమ్మట త్రవ్వి తీయుదురు. మన దేశమందును అరుణాచల ప్రదేశపు మిష్మీ కొండలలో ఈ జాతికి చెందిన మిష్మీ తీత అను మొక్క గలదు. మితిమీరి త్రవ్వుటచేత అది అడవులలో అరుదైపోయినది.

చీనా వైద్యులు ప్రాచీనకాలమునుండి దీనిని విరేచనములకును జిగట విరేచనములకును ఇచ్చుచున్నారు. దీని పసుపురంగునకు ముఖ్యకారణము బెర్బెరీన్ అను చేదు పదార్థము. అది కొన్ని సూక్ష్మజీవుల వృద్ధిని అరికట్టునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మన మానుపసుపునందును ఈ పదార్థమే కలదు.

అయితే ఒకనికి మేలుచేయునది మరియొకనికి కీడు చేయవచ్చును. చీనావారి కుటుంబములలో కొందరు అప్పుడే పుట్టిన శిశువునకు దీని కషాయమును పట్టెడివారు. పచ్చకామెర్లు గల శిశువు రక్తమున బిలిరుబిన్ అను పచ్చని పదార్థము హెచ్చుగానుండును. అది ఆల్బుమిన్ అను మాంసకృత్తును అంటిపెట్టుకొని యున్నంతవరకు మెదడునకు అపాయము తక్కువ. బెర్బెరీన్ ఆ బంధమును విడదీయగలదు. విడివడిన బిలిరుబిన్ మెదడును చేరినచో తీరని హాని కలుగును. ఇట్టి భయముచేతనే సింగపూరు ప్రభుత్వము 1978లో ఈ మూలికను నిషేధించెను. 2016లో ఆ నిషేధము తొలగినను, శిశువుల విషయమున జాగ్రత్త నేటికిని ఆవశ్యకమే.

తల్లిదండ్రులారా! పసిబిడ్డయు సామెతలోని మూగవానివంటిదే. తనకు కలిగిన బాధను నోట చెప్పజాలదు. కావున బిడ్డ కన్నులు పచ్చబడినచో ఇంట చేదుమందు నూరుచు కాలము గడపక, వెంటనే వైద్యుని యొద్దకు కొనిపొండు. విద్యార్థులారా! మందు గుణము చేదునందు లేదు. అది ఎవరికి, ఎప్పుడు, ఎంత ఈయవలెనో తెలిసిన జ్ఞానమునందున్నది.