దేవుడు చూడకపోతే?

బొగ్గు గనుల్లోనో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులోనో పని కోసం వచ్చి చంద్రపూర్ బాబుపేట్‌లో స్థిరపడిన మన తెలుగు ఇళ్ళలో పిల్లలకు మంచీచెడ్డా చెప్పడం కాస్త చిక్కైన పనే. "అబద్ధమాడితే కళ్ళు పోతాయి" అని మనమంటాం. పక్కనున్న మరాఠీ బౌద్ధుల ఇంట్లో సృష్టికర్త ప్రసక్తే ఉండదు. వాళ్ళ పిల్లలూ మన పిల్లల్లాగే బుద్ధిగా ఉంటారు. మా రెండో అమ్మాయి ఈ సంగతి కనిపెట్టి, "దేవుడు చూడకపోతే అబద్ధం ఎందుకాడకూడదు నాన్నా?" అంది.

దాదాపు ఇదే ప్రశ్నను భారతంలో ద్రౌపది వేసింది. ధర్మం తప్పని మీకు అడవి, తప్పిన దుర్యోధనుడికి రాజ్యమా అని నిలదీసింది. ఫలం కోసం కాదు, చేయవలసినది గనుక చేస్తున్నానన్నాడు ధర్మరాజు. లాభం చూసుకుని ధర్మం చేసేవాణ్ణి వర్తకుడితో పోల్చాడు. అయితే ఆ వెంటనే ధర్మానికి ఫలం లేకపోలేదని కూడా అన్నాడు! ద్రౌపది ఎంతవరకు సమాధానపడిందో మరి.

నాకు బుద్ధుడు కాలాములకు చెప్పిన మాట ఇంకా నచ్చుతుంది. కేసపుత్తానికి వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజం, మిగతావారివి తప్పు అంటుంటే ఎవరిని నమ్మాలో వారికి తోచలేదు. పరంపర అనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో ఒప్పుకోకండి; లోభం, ద్వేషం, మోహం మేలు చేస్తాయో కీడు చేస్తాయో మీరే చూసుకోండి అన్నాడాయన. చాలామంది ఇక్కడితో ఆపేసి, ఎవరికి తోచింది వారు నమ్మవచ్చునని అర్థం తీస్తారు. అది పొరపాటు. అసలు విషయం చివర ఉంది: పరలోకం ఉంటే మంచివాడికి అక్కడ మేలు, లేకపోయినా, ఏ వైరమూ లేకుండా ఇక్కడే సుఖంగా బతుకుతాడు. అంటే మంచితనం పరలోకం మీద ఆధారపడి లేదన్నమాట.

మన ఆడవాళ్ళు వేసే చీటీనే చూడండి. ఇక్కడ భిశీ అంటారు. అందులో తెలుగువారు, మరాఠీలు, ముస్లిములు కలిసే ఉంటారు. అందరికీ ఒకే దేవుడు లేడు. అయినా ముందు పాడుకున్న మనిషి చివరి వాయిదా వరకూ కడుతుందనే నమ్మకం మీదే అది నడుస్తుంది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో, 16న మన ఊళ్ళో, అప్పటి చాందాలో, డాక్టర్ అంబేద్కర్ వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఆ పంచశీలలోని ఒక్కొక్క నియమం పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాదు. "ఈ శిక్షణను స్వీకరిస్తున్నాను" అని ఎవరికి వారు చేసుకునే ప్రతిజ్ఞ. మతం మారమని నేననడం లేదు. ఆ క్రియాపదాన్ని గమనించమంటున్నాను.

అంతకు రెండేళ్ళ ముందు, 1954లో, ఆకాశవాణి ప్రసంగంలో ఆయన తన స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఫ్రెంచి విప్లవం నుంచి కాక బుద్ధుడి నుంచి వచ్చాయన్నారు. రాజ్యాంగ రచనకు సారథ్యం వహించిన మనిషే, స్వేచ్ఛకూ సమానత్వానికీ చట్టం కన్నా సౌభ్రాతృత్వమే అసలైన రక్షణ అన్నారు.