జమ్మి నీడలో అరగంట

ఎడారి రోడ్ ట్రిప్ అంటే రీల్స్‌లో మనకు కనిపించేవి ఇసుక తిన్నెలు, స్లో మోషన్‌లో జీపు, వెనకాల ఓ పాట. బండి ఆపి నీడలో కూర్చున్న అరగంటని ఎవరూ పోస్ట్ చేయరు. కానీ థార్ ఎడారిలో ట్రిప్ క్షేమంగా పూర్తవ్వాలంటే ఆ అరగంటే ముఖ్యం.

జైసల్మేర్ నుంచి పాకిస్తాన్ సరిహద్దు దగ్గరున్న తనోత్‌కి దాదాపు 120 కిలోమీటర్లు. 1965 యుద్ధంలో చుట్టూ పడిన బాంబులు పేలలేదని చెప్పుకునే తనోత్ మాత గుడి అక్కడే ఉంది. గుడి బాగోగులు చూసేది బీఎస్ఎఫ్ జవాన్లే. మార్చి నెలాఖరులో మేం నలుగురం అద్దె కారులో బయల్దేరాం. తారు రోడ్డే గానీ, గాలి వీచిన చోటల్లా ఇసుక మేటలు. స్పీడ్‌గా ఎక్కిస్తే బండి జారుతుంది. మిగతాదంతా స్కేలు పెట్టి గీసినట్టు ఒకటే రోడ్డు. ఇలాంటి చోటే నిద్ర ముంచుకొస్తుంది.

రామ్‌గఢ్ దాటాక డ్రైవ్ చేస్తున్న ఫ్రెండ్ మాటలు తగ్గించాడు. వరసగా ఆవలింతలు. "ఆపుదాంరా" అంటే, "ఏసీ పెంచి పాటలు పెట్టండి చాలు. సాయంత్రంలోపు లోంగేవాలా కూడా చూడాలి" అన్నాడు. ఏసీ, పాటలు నిద్రని కాసేపు వాయిదా వేస్తాయంతే. రోడ్డు పక్కన టీ కొట్టు కనిపించగానే పట్టుబట్టి ఆపించాం.

కొట్టు పెద్దాయన వాడి కళ్లు చూసి, టీ కంటే ముందు చెట్టు కింద మంచం చూపించాడు. మాకేమో ఉప్పు, వేయించిన జీలకర్ర వేసిన మజ్జిగ ఇచ్చాడు. తాగాక గానీ ఎంత దాహంతో ఉన్నామో తెలీలేదు. ఆ పొడి గాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒళ్లు తడవదు కాబట్టి ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలీదు.

ఆ చెట్టు పేరు ఖేజ్డీ అన్నాడు పెద్దాయన. ఆకు చూస్తే మన దసరా జమ్మి! రాజస్థాన్‌కీ, తెలంగాణకీ రాష్ట్ర వృక్షం ఇదే. వేళ్లు చాలా లోతుకి పోతాయి కాబట్టి మండు వేసవిలోనూ పచ్చగా ఉంటుంది. దీని కాయలు ఎండబెట్టి సాంగ్రీ కూర వండుతారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లు నరకనివ్వకుండా అమృతాదేవితో పాటు మొత్తం 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. ఆ ఎండలో ఆ నీడన కూర్చున్నాక, ఎందుకిచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

20 నిమిషాల కునుకు తీసి ఫ్రెండ్ లేచాడు. అయినా తాళాలు నేనే తీసుకున్నా. లోంగేవాలా ఆ రోజుకి వదిలేశాం. 1971 యుద్ధంలో చిక్కిన ట్యాంకులు ఎక్కడికీ పోవు, ఇంకోసారి చూడొచ్చు.

మీరూ ప్లాన్ చేస్తుంటే మ్యాప్ చూపించే టైమ్‌ని నమ్ముకోకండి. ప్రతి 2 గంటలకీ 20 నిమిషాలు కలుపుకోండి. ఆగినప్పుడు టైర్లు, కూలెంట్ చూడండి. కానీ ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. ఇసుకలోకి దిగాలంటే టైర్లలో గాలి 18-20 పీఎస్ఐకి తగ్గించి, తారెక్కగానే మళ్లీ నింపుకోండి. బండి ఇరుక్కుంటే దాన్ని వదిలి నడవొద్దు. మనిషి కంటే బండే దూరానికి కనిపిస్తుంది. రామ్‌గఢ్‌లోనే ట్యాంక్ ఫుల్ చేయించండి. ఇక డ్రైవ్ చేసేవాడు "నాకేం కాలేదు" అన్నా సరే, ఆవలింతలు మొదలైతే బండి ఆపించండి.