అంగడి వేషమున నొక మాయాసభ

మయుడు నిర్మించిన సభలో సుయోధనుడు నేలను జూచి నీరనుకొని వస్త్రములను పైకెత్తి పట్టెను. నీటిని జూచి నేలయనుకొని అందు పడెను. ఆ కథ విని మనము నవ్వుకొందుము. కాని కన్నులకు అలవాటైన దానిని పరీక్షింపకయే నమ్ముటలో మనమును ఆతని వంటివారమే. ఈ సంగతిని తెలియజేయు నవీన మాయాసభ యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లాస్ వేగస్ నగరమున 2021 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో తెఱవబడినది. దాని పేరు ఒమేగా మార్ట్.

లోపల అడుగిడినవారికి అది పెద్ద కిరాణా దుకాణమువలెనే కనబడును. వరుసగా అలమారులు, తెల్లని దీపములు, శీతలపు పెట్టెలు, సొమ్ము చెల్లించు బల్లలు, పనివారు, అన్నియు నున్నవి. కాని ఒక డబ్బాను చేతికి దీసికొని పైనున్న చీటీని చదివినచో చిత్రము బయటపడును. ఒకదానిపై "గింజలు లేని ఉప్పు వేరుసెనగలు" అని యుండును. మఱియొకటి "ఇది వెన్నయని మీతో ఎవరు చెప్పిరి?" అని కొనువానినే ప్రశ్నించును. పచ్చబొట్లు పొడిచిన కోడియు నచట గలదు.

ఇంతటితో ముగియలేదు. శీతల పానీయముల పెట్టె తలుపు తెఱచి లోనికి నడచినవారు వేఱొక లోకమున ప్రవేశింతురు. అందు రంగుల వెలుగులలో మాఱుచుండు కొండలోయ, యంత్రశాల, కార్యాలయపు గదులు మున్నగునవి యున్నవి. ఈ దుకాణము డ్రామ్‌కార్ప్ అను కల్పిత వ్యాపార సంఘమునకు చెందినదనియు, ఆ సంఘము ఒక రహస్య శక్తిని తన సరకులలో కలుపుచున్నదనియు కథ. దానిని ఎవరును చదివి వినిపింపరు. చూడవచ్చినవారే గదిగదికి తిరిగి ఆనవాళ్లను వెదకి కూర్చుకొనవలెను. మొత్తము స్థలము సుమారు 52,000 చదరపు అడుగులు. 300 మందికి పైబడిన కళాకారులు ఇందు పనిచేసిరి.

దీనిని నిర్మించినది 2008 లో న్యూ మెక్సికో రాష్ట్రమందలి శాంటా ఫే పట్టణమున ఏర్పడిన మియావ్ వుల్ఫ్ అను కళాకారుల సంఘము. 2012 లోనే వారు తమ పట్టణమున చిన్న ఒమేగా మార్ట్‌ను నెలకొల్పిరి. నాటి వింత సరకుల తయారీలో పాఠశాలల బాలబాలికలును పాల్గొనిరని తెలిసినచో మన విద్యార్థులు సంతసింతురు.

ఈ మార్గమున వీరే మొదటివారు కారు. 1961 డిసెంబరులో న్యూయార్కు నగరమున క్లేస్ ఓల్డెన్‌బర్గ్ అను శిల్పి ఒక కొట్టును తెఱచి, ఇనుప తీగల వలపై ప్లాస్టరులో తడిపిన గుడ్డను కప్పి, రంగులు పూసి, తినుబండారముల బొమ్మలను, దుస్తుల బొమ్మలను చేసి అమ్మెను. కళ ప్రదర్శనశాలయందే యుండవలెనను కట్టుబాటును ఆతడట్లు సడలించెను.

ఇట్టిది మోసము కాదా యని కొందఱు అడుగవచ్చును. మోసగాడు తన మాట అసత్యమని తెలియనీయడు. అది దాగియున్నంతవఱకే వానికి లాభము. ఇచటనో, ప్రేక్షకుడు టిక్కెట్టు కొని, కల్పనయని యెఱిగియే వచ్చును. మాయను కనిపెట్టినపుడే ఆతనికి ఆనందము. వ్యాపారమును పరిహసించు ఈ స్థలము తానును సొమ్ము గైకొనుచు, తన వింత సరకులను అమ్ముచున్నదనుట నిజమే. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయినను అది నేర్పు పాఠము విలువైనది. నిజమైన బజారులో "స్వచ్ఛము", "శ్రేష్ఠము" అను మాటలను చూచి ఎందఱు తల్లిదండ్రులు కల్తీ నేతిని బిడ్డలకు వడ్డించి యుండరు? ఒమేగా మార్ట్‌లో నవ్వుచు చీటీలను చదివినవాడు, మఱునాడు తన వీధి కొట్టులోను చీటీని చదువును.

సువార్తలలోని ఉపమానములును ఆవగింజ, పుల్లని పిండి, పోయిన నాణెము వంటి ఇంటి వస్తువులతోనే ఆరంభమగును. వినువాడు తనకు తెలిసినదే యనుకొని సమీపించును. లోపలికి వచ్చిన పిదప గాని అందలి లోతు తెలియదు. విద్యార్థులారా, సామాన్యమని తలచి మనము చూడక విడిచిన తలుపులు మన యూరిలోను ఎన్నియో యున్నవి. చేయి వేసి తెఱచి చూచుటయే విద్య.